రేంజింగ్ రాడ్డు, ఆరో, పెగ్గు, తూకం గుండు: నేల మీద గుర్తు పెట్టే పని ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తలైను:

అందరికీ నమస్కారం. నేను సర్వే డిప్లొమా చివరి సంవత్సరంలో ఉన్నాను. వచ్చే వారం నుంచి ఫీల్డు ట్రైనింగ్. మొదట్లో టోటల్ స్టేషన్ (కోణాలు, దూరాలు కొలిచే మెషీన్) ముట్టుకోనివ్వరట. మా చేతికి ఇచ్చేవి ఇవీ: రెండు మీటర్ల రేంజింగ్ రాడ్లు ఆరు, 30 మీటర్ల స్టీలు టేపు, పది ఆరోలు (నేలలో గుచ్చే సన్నటి స్టీలు పుల్లలు), ఒక కట్ట చెక్క పెగ్గులు (నేలలో కొట్టే చిన్న గూటాలు), తూకం గుండు (దారానికి వేలాడే మొన ఉన్న గుండు), క్రాస్ స్టాఫ్ (లంబం చూడటానికి పైన చీలికలున్న కర్ర), పురికొస ఉండ, సున్నం పొడి బస్తా.

స్థలం చూసి వచ్చాం. ఎ, బి అని రెండు పాయింట్లు, వాటి మధ్య దాదాపు 240 మీటర్లు. మధ్యలో నేల ఉబ్బుగా ఉంది. ఎ దగ్గర నిలబడితే బి దగ్గర పెట్టిన రాడ్డు అస్సలు కనిపించదు. సగం దూరం గట్టి గ్రావెల్. బి వైపు చివర్లో తారు రోడ్డు దాటాలి. ఈ రెండింటి మధ్య సరళరేఖ పట్టి, ప్రతి 30 మీటర్లకూ గుర్తు పెట్టి, ఒక చోట లంబం తీయాలి.

పుస్తకంలో ఒక్కో పనిముట్టుకు ఒక్కో పేరా ఉంది. పొడవు, లావు, రంగు అన్నీ చదివాను. కానీ ఆరో కూడా పాయింటుకే, పెగ్గు కూడా పాయింటుకే, రాడ్డు కూడా పాయింటు మీదే పెడతారు. ఏది ఎప్పుడు? ఆ ఉబ్బు దాటి లైను ఎలా పట్టాలి? ఇది నిజంగా నా చేత్తో బాగా చేయాలని ఉంది. ఫీల్డులో పని చేసినవాళ్లు చెప్పండి.

తూకంగుండు:

చెల్లీ, మంచి ప్రశ్న అడిగావు. నేను ఫీల్డు సర్వేలోనే పెరిగాను, ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్లకు పని నేర్పిస్తున్నాను. చాలామంది ఈ సామాను గురించి అడగరు, మెషీన్ గురించే అడుగుతారు. మెషీన్ మిల్లీమీటర్లలో కొలిచి ఇచ్చినా, ఆ కొలత చివరికి చేరేది ఒక చెక్క పెగ్గు తల మీదికే. ఆ పెగ్గు కదిలితే కొలత మొత్తం పోయినట్టే. అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నీ గందరగోళానికి జవాబు ఒక్కటే. ఆ గుర్తు ఎంతసేపు నిలవాలి? ఎవరికి కనపడాలి? ఈ రెండూ అడుగు, పనిముట్టు తనే తేలిపోతుంది.

రేంజింగ్ రాడ్డు దూరం నుంచి కనపడటానికి. పని జరిగినంతసేపు నిలబడుతుంది, తర్వాత తీసేస్తాం. ఆరో టేపు పట్టే ఇద్దరి మధ్య లెక్క కోసం. వెనక మనిషి వచ్చి పీకేదాకా ఉంటే చాలు. పెగ్గు రేపు, వచ్చే నెల మళ్లీ వచ్చేవాళ్ల కోసం. తూకం గుండు అయితే గుర్తే కాదు, పైన ఉన్న పాయింటును కింద నేలకు దించే సాధనం.

ముందు రాడ్డు సంగతి. సుమారు 3 సెంటీమీటర్ల లావు, కింద ఇనుప ములికి, ఎరుపు తెలుపో నలుపు తెలుపో పట్టీలు. ఒక్కో పట్టీ 20 సెంటీమీటర్లు. మెట్రిక్ చైనులో, అంటే దూరం కొలిచే గొలుసులో, ఒక లింకు కూడా 20 సెంటీమీటర్లే, కాబట్టి చిన్న ఆఫ్‌సెట్లు (లైను నుంచి పక్కకు ఉండే దూరాలు) ఉజ్జాయింపుగా కొలవాలంటే రాడ్డునే నేల మీద పరుచుకోవచ్చు. పట్టీల అసలు పని మాత్రం వెనక ఏ రంగు ఉన్నా రాడ్డు కనపడేలా చేయడం. పొదల ముందు తెలుపు తేలుతుంది, ఆకాశం ముందు ఎరుపు తేలుతుంది.

200 మీటర్లు దాటితే రాడ్డు పైన జెండా కట్టాలని పుస్తకంలో చదివే ఉంటావు. ఎందుకో కూడా తెలుసుకో. మామూలు చూపు విడదీసి చూడగలిగేది సుమారు ఒక నిమిషం కోణం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. 100 మీటర్ల దూరంలో అది దాదాపు 3 సెంటీమీటర్లు. అంటే రాడ్డు లావు ఎంతో అంత. 200 మీటర్ల దగ్గర 6 సెంటీమీటర్లు. అక్కడ సన్నటి రాడ్డును కన్ను పట్టుకోవడమే కష్టం, ఇక దాని అంచు చూసి లైను పట్టడం కుదరదు. అందుకే జెండా. అయితే జెండా రాడ్డు ఎక్కడుందో చూపించడానికే. లైను మాత్రం రాడ్డు కాండాన్ని చూసే పట్టాలి. గాలికి జెండా ఒక పక్కకు ఎగురుతుంది, చూపు కూడా దానితో పాటే పక్కకు పోతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. రాడ్డు అడుగు చూడు. పై భాగం కాదు, మధ్య కాదు, నేలకు తగిలే చోటు. రాడ్డు ఒక్క డిగ్రీ వాలితే 2 మీటర్ల ఎత్తున మూడున్నర సెంటీమీటర్లు పక్కకు పోతుంది. ఒక డిగ్రీ వాలు కంటికి సరిగ్గా తెలియను కూడా తెలియదు. అడుగు కనపడితే ఈ బాధ లేదు. గడ్డి, రాళ్లు అడ్డమొచ్చి అడుగు కనపడకపోతే రాడ్డు నిలువు కచ్చితంగా చూసుకోవాలి. తూకం గుండు దారాన్ని చెయ్యి చాచి పట్టుకుని, దూరంగా ఉన్న రాడ్డు దారంతో కలుస్తుందో లేదో చూడు. తర్వాత పక్కకు వెళ్లి, లైనుకు అడ్డంగా నిలబడి మళ్లీ చూడు. రెండు దిక్కుల నుంచీ నిలువుగా ఉంటేనే నిలువు.

లైను పట్టేటప్పుడు ఎ రాడ్డుకు కళ్లు ఆనించి నిలబడకు. రెండు మీటర్లు వెనక్కి జరిగి ఒక కన్ను మూసుకో. దగ్గరి రాడ్డు కుడి అంచు వెంబడి చూడు, తర్వాత ఎడమ అంచు వెంబడి చూడు. దూరపు రాడ్డు రెండు పక్కలా ఒకేలా దాగాలి. మధ్యలో రాడ్డు పట్టుకునేవాళ్లు దాన్ని ఒంటికి ఆనించుకోకుండా చెయ్యి చాచి, రెండు వేళ్లతో వదులుగా పైభాగం పట్టుకుంటే దాని బరువుకు అదే నిలువుగా వేలాడుతుంది.

ఇక ఆరోలు. నాలుగు మిల్లీమీటర్ల స్టీలు తీగ, 40 సెంటీమీటర్ల పొడవు, పైన ఉంగరం. పది ఎందుకిస్తారంటే లెక్క తప్పకుండా ఉండటానికి. ముందు మనిషి టేపు చివర గుచ్చుతుంది, వెనక మనిషి అక్కడికి వచ్చాక పీకుతుంది. వెనక మనిషి చేతిలో ఎన్ని ఆరోలుంటే అన్ని టేపులు అయినట్టు. నీ 240 మీటర్లకు ఎనిమిది. ముందు మనిషి చేతిలోవి, వెనక మనిషి చేతిలోవి, నేలలో ఉన్నది, అన్నీ కలిపి ఎప్పుడూ పదే రావాలి. తొమ్మిది వచ్చాయంటే ఎక్కడో ఒకటి పడిపోయింది, ఆగి వెతకాలి. ఉంగరానికి ఎర్ర గుడ్డ పీలిక కట్టు, గడ్డిలో దొరుకుతుంది.

ఆరోను నిలువుగా కాకుండా లైనుకు అడ్డంగా కొంచెం పక్కకు వాల్చి గుచ్చు. అప్పుడు తూకం గుండు మొన నేరుగా ఆరో నేలలో దిగిన చోటికి వస్తుంది, ఉంగరం అడ్డు రాదు. టేపు ఉన్న దిశలోనే వాలిస్తే ఎక్కడి నుంచి చదవాలో అర్థం కాదు.

ఆ ఉబ్బు సంగతి తర్వాత రాస్తాను. ఇప్పుడు పనికి వెళ్లాలి.

పునాదిగీత:

నమస్తే. నేను సర్వేయర్‌ని కాదు, బిల్డింగ్ మార్కింగ్ పని. పెగ్గుల గురించి నాకు తెలిసింది చెబుతాను.

పెగ్గు దిగేటప్పుడు జరుగుతుంది. మెత్తటి నేలలో కొంచెం, రాళ్ల నేలలో చాలా. అందుకే ఒక్కసారిగా మొత్తం కొట్టొద్దు. సగం దిగాక ఆగి లైను చూడండి, దూరం చూడండి. పక్కకు పోతుంటే తల మీద అడ్డంగా కొట్టి సరిచేయొద్దు. పెగ్గు నేలలో వదులైపోతుంది, రేపటికి మళ్లీ జరుగుతుంది. పీకి, పక్కన మట్టి కుదించి, మళ్లీ కొట్టడమే మంచిది. మీ గ్రావెల్ నేలలో ముందు గడ్డపారతో బెజ్జం పెట్టి ఆ తర్వాత పెగ్గు దించండి. అలా కూడా దిగకపోతే చెక్క వదిలేసి ఇనుప చువ్వ ముక్క కొట్టాలి.

పెగ్గు మొత్తం దిగాక దాని తల మీద మళ్లీ పని ఉంది. లైను దిశలో పెన్సిల్ గీత ఒకటి, దూరం కొలిచి అడ్డంగా ఇంకో గీత. రెండూ కలిసిన చోట చిన్న మేకు కొట్టాలి. ఆ మేకే మీ పాయింటు. రెండున్నర, మూడు సెంటీమీటర్ల చదరపు చెక్కను పాయింటు అని రాసుకుంటే ఎవరు వచ్చినా ఒక్కొక్కరు ఒక్కో మూల నుంచి కొలుస్తారు.

ఇంకోటి. పాయింటు దగ్గర తవ్వకం ఉంటే ఆ పెగ్గు ఎలాగూ పోతుంది. మా పనిలో మూల దగ్గర పెగ్గు ఉంచి పునాది తవ్వడం కుదరదు కదా. అందుకే రెండు గోడల లైన్లనూ తవ్వకం బయటికి ఒకటిన్నర, రెండు మీటర్లు పొడిగించి, అక్కడ రెండు గూటాల మీద అడ్డ పలక కొట్టి, పలక మీద మేకులు పెడతాం. ఎదురెదురు మేకులకు దారాలు కడితే అవి కలిసిన చోటు మూల. అక్కడి నుంచి గుండు దించితే కింద ఎంత లోతు తవ్వినా మూల దొరుకుతుంది. పని అయ్యాక దారం విప్పేస్తాం, మేకులు అక్కడే ఉంటాయి. మీ లైను మీద కూడా తవ్వకం వచ్చే చోటు ఉంటే లోపల ఒక్క పెగ్గునే నమ్ముకోకండి, బయటికి రెండు పెట్టండి.

దారం లాగేటప్పుడు అది మధ్యలో ఏ పెగ్గుకూ, ఏ రాయికీ, ఏ గడ్డి పోచకూ తగలకూడదు. తగిలితే అక్కడ విరుగుతుంది, కంటికి మాత్రం సూటిగానే ఉన్నట్టు కనిపిస్తుంది. గాలి ఉన్న రోజు పొడుగు దారం విల్లులా వంగుతుంది కాబట్టి మధ్యలో పాయింట్లు పెట్టి ముక్కలుగా లాగండి. ముగ్గు పోసేది ఆఖర్న, తవ్వేవాళ్లకు కనపడటానికి. సున్నం గీత వెడల్పు నాలుగు వేళ్లుంటుంది, దాని నుంచి ఎప్పుడూ కొలవకండి.

ఉపగ్రహం:

ఇదంతా చదవడానికి బాగానే ఉంది. కానీ ఇప్పుడు ఆర్‌టీకే రోవర్ (ఉపగ్రహ సిగ్నళ్లతో పాయింటు చూపించే మెషీన్) పట్టుకుంటే ఉబ్బు అడ్డం, లైను కనపడదు లాంటి సమస్యలే ఉండవు. నేరుగా స్క్రీన్ మీద ఎంత కుడికి, ఎంత ముందుకు అని చూపిస్తుంది. ఒకటి రెండు సెంటీమీటర్లలో పాయింటు పెట్టొచ్చు. వీటి మీద టైమ్ పెట్టడం కంటే దాన్ని నేర్చుకోవడం మంచిదని నా అభిప్రాయం.

తూకంగుండు:

ఉపగ్రహం గారూ, రోవర్ నేనూ వాడతాను. పెద్ద స్థలాల్లో అది లేకుండా పని ఊహించలేను. కానీ రోవర్ పాయింటు చూపిస్తుంది, పెట్టదు. పెట్టేది మనమే, ఈ సామానుతోనే. రోవర్ కూడా రెండు మీటర్ల కర్ర మీదే నిలబడుతుంది. నిలువు చూపే బుడగ సరిగ్గా లేక ఆ కర్ర పావు డిగ్రీ వాలితే కింద దాదాపు 9 మిల్లీమీటర్ల తేడా. మీరు చెప్పిన ఒకటి రెండు సెంటీమీటర్లలో అది చిన్న భాగం కాదు. రాడ్డు నిలువు చూడటం చేతికి వచ్చినవాళ్లు రోవర్ కూడా బాగా పడతారని నేను గమనించాను. పెద్ద చెట్ల కింద, ఎత్తైన గోడల పక్కన సిగ్నల్ సరిగ్గా లేనప్పుడు బయట రెండు మంచి పాయింట్లు రోవర్‌తో పెట్టి, వాటి మధ్య రాడ్లతో లైను పట్టడమే దారి.

ఇప్పుడు కొత్తలైనుకు ఆ ఉబ్బు సంగతి.

ఎ నుంచి బి కనపడదు. కానీ ఉబ్బు మీద నిలబడితే రెండూ కనపడతాయి. ఇద్దరు రాడ్లు పట్టుకుని పైకి ఎక్కండి. ఎ వైపు నిలబడే మనిషి ఎం, బి వైపు నిలబడే మనిషి ఎన్ అనుకుందాం. ఎం ఉన్న చోటు నుంచి ఎన్ రాడ్డు, దాని వెనక బి రాడ్డు కనపడాలి. ఎన్ ఉన్న చోటు నుంచి ఎం రాడ్డు, దాని వెనక ఎ రాడ్డు కనపడాలి. మొదట ఇద్దరూ ఉజ్జాయింపుగా నిలబడండి. ఎం మనిషి బి వైపు చూస్తూ ఎన్‌ను జరుపుతుంది, తను, ఎన్, బి ఒకే లైన్లోకి వచ్చేదాకా. తర్వాత ఎన్ మనిషి వెనక్కి తిరిగి ఎ వైపు చూస్తూ ఎంను జరుపుతుంది. మళ్లీ ఎం, మళ్లీ ఎన్. ఎవరూ ఎవరినీ జరపాల్సిన అవసరం లేని స్థితి వస్తే నలుగురూ ఒకే లైన్లో ఉన్నట్టు.

ఇది ఎన్ని సార్లలో కుదురుతుందన్నది మీరిద్దరూ ఎంత దూరంగా నిలబడ్డారన్న దాని మీద ఉంటుంది. నీ 240 మీటర్లలో ఎం 60 దగ్గర, ఎన్ 180 దగ్గర నిలబడగలిగితే తేడా ప్రతిసారీ మూడో వంతు అవుతుంది. ఎం మొదట్లో అసలు లైనుకు 9 మీటర్లు పక్కన ఉందనుకో. జరిపాక ఎన్ 3 మీటర్ల పక్కన ఉంటుంది, తర్వాత ఎం ఒక మీటరు, ఎన్ 33 సెంటీమీటర్లు, ఎం 11, అలా తగ్గుతూ పోతుంది. అదే ఇద్దరూ దగ్గరదగ్గరగా, 100 దగ్గర ఒకరు, 140 దగ్గర ఒకరు నిలబడితే 9 మీటర్లు ఆరున్నర, తర్వాత నాలుగున్నర, తర్వాత మూడు పైన. అలసిపోయి, ఇక చాలులే అనుకుని తప్పుడు చోట ఆగిపోతారు. కాబట్టి ఒకరికొకరు కనపడుతూ, వెనక రాడ్డు కూడా కనపడేంతవరకు, వీలైనంత ఎడంగా నిలబడండి.

దూరం నుంచి అరిస్తే వినపడదు, చేతి సైగలే వాడాలి. కుడి చేతిని గబగబా ఊపితే కుడి వైపు చాలా జరగమని. మెల్లగా ఊపితే కొంచెం కొంచెంగా. కుడి చెయ్యి చాచి అలాగే ఉంచితే జరుగుతూనే ఉండమని. చెయ్యి పైకెత్తి కుడికి వంచితే రాడ్డు పైభాగాన్ని కుడికి వంచి నిలువు చేయమని. ఎడమకూ ఇంతే. రెండు చేతులూ తల పైకెత్తి దించితే సరిపోయింది అని, రెండు చేతులూ ముందుకు చాచి చటుక్కున దించితే రాడ్డు పాతేయమని. ఇక్కడ ఒక మాట ముందే మాట్లాడుకోండి. ఎవరి కుడి? సైగ చేసే మనిషి కుడి. ఎదురుగా నిలబడ్డవాళ్లు తమ ఎడమకు జరగాలి. ఏ చెయ్యి కదులుతుందో ఆ చెయ్యి వైపుకు జరుగు అని చెబితే ఎవరికీ తికమక ఉండదు.

మరో సంగతి, లైను పొడిగించడం గురించి. రెండు పాయింట్ల మధ్యలో గుర్తు పెట్టడం క్షేమం, బయటికి పొడిగించడం ప్రమాదం. ఒకదానికొకటి 20 మీటర్ల దూరంలో ఉన్న రెండు రాడ్లలో ముందుదాన్ని ఒక్క సెంటీమీటరు తప్పు పెట్టి, ఆ లైనునే మొదటి రాడ్డు నుంచి 120 మీటర్ల దాకా తీసుకుపోతే అక్కడ 6 సెంటీమీటర్ల తేడా. ముందు దూరపు పాయింటు పెట్టి, తర్వాత మధ్యవి నింపు. ఉబ్బు దగ్గర కూడా అంతే. ఎం, ఎన్ స్థిరపడ్డాక ఎ నుంచి ఎం దాకా, ఎం నుంచి ఎన్ దాకా, ఎన్ నుంచి బి దాకా మధ్యలో నింపుకుంటూ వెళ్లు.

లైను పక్కకు పోతే దూరం ఎంత తప్పుతుందని కొందరు అడుగుతారు. 30 మీటర్ల టేపు ఒక చివర 30 సెంటీమీటర్లు పక్కకు పోయినా దూరంలో తేడా ఒకటిన్నర మిల్లీమీటర్లే. అది చూసి లైను అంత ముఖ్యం కాదనుకునేవాళ్లున్నారు. దూరం సరిగ్గానే ఉంటుంది, పాయింటు మాత్రం 30 సెంటీమీటర్లు పక్కన ఉంటుంది. సరిహద్దు గోడ కట్టేవాళ్లకు ఆ 30 సెంటీమీటర్లే కావాలి.

ఎత్తుపల్లం వేరే కథ. 30 మీటర్లలో నేల ఒక మీటరు లేస్తే, టేపును నేల మీద పరిచి కొలిచిన దూరం 1.7 సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. ఉబ్బు ఎక్కేటప్పుడు టేపును సమంగా పట్టుకుని, గాల్లో ఉన్న చివర నుంచి గుండు దించి ఆరో గుచ్చు. నేల మరీ వాలుగా ఉంటే 10 మీటర్లు, 5 మీటర్ల ముక్కలుగా మెట్లుమెట్లుగా వెళ్లు. గుండు మొన నేలకు తగలకుండా, అర సెంటీమీటరు పైన ఆగాలి. గాలికి ఊగుతుంటే మొనను ఒక్కసారి నేలకు ఆనించి మెల్లగా లేపు, ఊగడం తగ్గుతుంది.

లంబరేఖ:

లంబం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తాను.

క్రాస్ స్టాఫ్‌ను లైను మీద పాతి, ఒక జత చీలికల్లోంచి ఎ రాడ్డు, వెనక్కి తిరిగి అదే జతలోంచి బి వైపు రాడ్డు కనపడేలా తిప్పాలి. రెండో జతలోంచి చూస్తే లంబం. ఒక చెట్టు నుంచో, మూలరాయి నుంచో లైనుకు లంబం దించాలంటే మాత్రం స్టాఫ్‌ను లైను మీదే ముందుకూ వెనక్కూ జరుపుతూ, రెండో జతలో ఆ వస్తువు కనపడేదాకా వెతకాలి.

మీకిచ్చిన క్రాస్ స్టాఫ్ సరైనదో కాదో ముందు చూసుకోండి. పది నిమిషాల పని. లంబం తీసి దూరంగా ఒక ఆరో గుచ్చండి. స్టాఫ్‌ను 90 డిగ్రీలు తిప్పి, రెండో జతను లైనుకు పెట్టి, మొదటి జతలోంచి మళ్లీ లంబం తీయండి. అదే ఆరో మీదికి వస్తే స్టాఫ్ మంచిది. రాకపోతే రెండు గుర్తుల సరిగ్గా మధ్యన అసలు లంబం ఉంటుంది. చెడ్డ స్టాఫ్‌తో కూడా మంచి లంబం తీయడానికి ఇదే దారి.

ఆప్టికల్ స్క్వేర్ దొరికితే ఇంకా హాయి. అందులో రెండు అద్దాలు 45 డిగ్రీల కోణంలో ఉంటాయి. రెండుసార్లు ప్రతిఫలించిన కిరణం రెట్టింపు కోణం, అంటే 90 డిగ్రీలు తిరుగుతుంది. చెయ్యి కొంచెం వణికినా ఆ కోణం మారదు. అందుకే దానికి స్టాండు అక్కర్లేదు, చేత్తో పట్టుకుంటే చాలు.

ఏదీ లేకపోతే టేపు ఉంది. 6, 8, 10 మీటర్ల భుజాలతో త్రిభుజం చేస్తే లంబం వస్తుందని అందరికీ తెలిసిందే. 30 మీటర్ల నార టేపు ఉంటే 5, 12, 13 చూడండి, మొత్తం సరిగ్గా 30 అవుతుంది. సున్నా, 30 గుర్తులు రెండూ లంబం కావాల్సిన పాయింటు మీద, 5 గుర్తు లైను మీద, 18 గుర్తు పట్టుకున్న మనిషి టేపు బిగుతుగా అయ్యేదాకా లాగితే అక్కడ లంబం. స్టీలు టేపుతో ఇలా మూలలు తిప్పొద్దు, మడత పడి విరుగుతుంది. దానితో విడివిడిగా కొలిచి చాపాలు గీసుకోవడమే మేలు.

రోమన్లు దీనికే గ్రోమా అనే సాధనం వాడేవారు. కర్ర మీద అడ్డంగా శిలువ, నాలుగు చివర్ల నుంచి నాలుగు తూకం గుండ్లు. ఎదురెదురు దారాలను కలిపి చూస్తే లైను, మిగతా రెండింటిని కలిపి చూస్తే లంబం. దాని లోహపు భాగాలు 1912లో పొంపేయిలో దొరికాయి. గాలి వీస్తే నాలుగు గుండ్లూ ఊగేవి కాబట్టి వాళ్లకు ఆ తిప్పలు ఎంత ఉండేవో ఫీల్డులో గుండు పట్టినవాళ్లకు అర్థమవుతుంది.

కొత్తలైను:

అందరికీ చాలా థాంక్స్. ఎం, ఎన్ ఎడంగా నిలబడాలన్న సంగతి పుస్తకంలో ఎక్కడా చూడలేదు. కాగితం మీద లెక్క వేసి చూశాను, నిజంగానే మూడో వంతు అవుతోంది. అక్కా, ఇంకో రెండు సందేహాలు. తారు రోడ్డు మీద పెగ్గు దిగదు కదా, అక్కడ ఏం చేయాలి? ట్రైనింగ్ మధ్యలో సెలవులున్నాయి. తిరిగి వచ్చేసరికి పెగ్గులు ఉంటాయో లేదో అని టెన్షన్‌గా ఉంది.

తూకంగుండు:

తారు మీద వాషర్ వేసిన గట్టి మేకు కొట్టు. మేకు తల మధ్యలో చిన్న గుంట ఉండేవి దొరుకుతాయి, గుండు మొన అందులో కూర్చుంటుంది. కాంక్రీటు అయితే ఉలితో చిన్న శిలువ చెక్కు. చుట్టూ పెయింటుతో వలయం గియ్యి, కానీ మధ్యలో పెయింటు వేయకు. పెయింటు చుక్క పాయింటు కాదు, పాయింటు ఎక్కడుందో చూపించే బోర్డు లాంటిది. ముందు ట్రాఫిక్ చూసుకో. రోడ్డు మీద వంగినప్పుడు మెరిసే జాకెట్ వేసుకోవాలి, ఒకరు వచ్చే బండ్లవైపు చూస్తూ నిలబడాలి. ఇందులో రాజీ పడకు.

పెగ్గులు పోతాయేమోనన్న నీ టెన్షన్ సరైనదే. పశువులు తొక్కుతాయి, పిల్లలు పీకుతారు, ట్రాక్టరు ఎక్కుతుంది. పెగ్గు పోకుండా చూడటం నీ చేతిలో సగమే ఉంది. పోయినా మళ్లీ అదే చోట పెట్టగలగడం మాత్రం పూర్తిగా నీ చేతిలో ఉంది. ఎ, బి, ఎం, ఎన్, ఈ నాలుగింటికీ తప్పకుండా రిఫరెన్స్ కొలతలు తీసుకో.

ఒక్కో పాయింటు చుట్టూ కదలని వస్తువులు మూడు వెతుకు. గోడ మూల, పెద్ద బండ మీద చెక్కిన గుర్తు, చెట్టు మొదట్లో కొట్టిన మేకు. ప్రతిదీ ఒక్క టేపు దూరంలోనే ఉండాలి. పాయింటు నుంచి మూడింటికీ దూరాలు కొలిచి రాసుకో. పెగ్గు పోతే రెండు దూరాలతో చాపాలు గీస్తే పాయింటు దొరుకుతుంది, మూడోది సరిచూసుకోవడానికి. ఏవి ఎంచుకోవాలన్నది ఇక్కడ ముఖ్యం. రెండు చాపాలు దాదాపు లంబంగా కలవాలి, 60 నుంచి 120 డిగ్రీల మధ్య ఉంటే బాగు. 30 డిగ్రీల కోణంలో కలిస్తే టేపులో ఒక సెంటీమీటరు తేడా పాయింటులో రెండు సెంటీమీటర్లు అవుతుంది. మూడు గుర్తులూ ఒకే వైపు, ఒకే గోడ మీద తీసుకుంటే మూడున్నా ఒకటే బలం.

పెగ్గు తలను నేల మట్టానికి దాదాపు సమంగా దించు, పైకి ఎక్కువ ఉంటే కాళ్లకు తగులుతుంది. దాని పక్కన ఒక జానెడు దూరంలో పొడుగు పట్టీ ఒకటి పాతి, పెగ్గు వైపు తిరిగిన ముఖం మీద పాయింటు పేరు రాయి. తవ్వేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు చూసేది ఆ పట్టీనే.

కొత్తలైను:

పట్టీ మీద దేనితో రాయాలక్కా? పోయినసారి కాలేజీలో మార్కర్‌తో రాసింది నాలుగు రోజుల ఎండకే పోయింది.

పునాదిగీత:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మైనపు క్రేయాన్‌తో రాయండి, తడి చెక్క మీద కూడా పడుతుంది. అది లేకపోతే మెత్తటి పెన్సిల్‌తో గట్టిగా నొక్కి రాయండి. పెన్సిల్ నల్లదనం ఎండకు వెలిసిపోదు, వానకు కరగదు, నొక్కిన గాడి కూడా మిగులుతుంది.

తూకంగుండు:

పునాదిగీత గారు చెప్పింది కరెక్ట్. ఫీల్డు బుక్కు కూడా పెన్సిల్‌తోనే రాయి. చెరపకు, తప్పయితే ఒక్క గీత కొట్టి పక్కన రాయి. పాయింటు పేరు, మూడు రిఫరెన్సుల దూరాలు, ఉత్తరం బాణంతో చిన్న స్కెచ్, మేకు ఉందా లేదా, తేదీ, టేపు పట్టింది ఎవరు. పాయింటు దగ్గర నిలబడి ఉండగానే ఇవన్నీ రాసేయి, సాయంత్రం గుర్తుతెచ్చుకుని రాయొద్దు. ఉబ్బు దగ్గర ఎం, ఎన్ ఎక్కడ కుదిరాయో, ఎన్నోసారికి స్థిరపడ్డారో ఇక్కడే రాస్తే చూడాలని ఉంది.